కెనడాలో రీహాబిలిటేషన్ సైన్స్ రీసెర్చ్ డే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, స్పీచ్ థెరపీ లాంటి కోర్సులు చదివి, పరిశోధన డిగ్రీ కోసం కెనడా వచ్చిన తెలుగు విద్యార్థులు మొదటి ఏడాదిలో అడిగే ప్రశ్నలివి. జవాబులు ముఖ్యంగా ఒంటారియో విశ్వవిద్యాలయాల పద్ధతిని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇండియాలో ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ), ఎంఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ పీజీ) థీసిస్ చేస్తున్నవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తాయి. వాళ్ల కోసం చివర్లో ఒక ప్రశ్న విడిగా ఉంది.

రీసెర్చ్ డే అంటే ఏమిటి? కాన్ఫరెన్స్‌కీ దీనికీ తేడా ఏమిటి?

శాఖలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులు తమ పరిశోధనను ఒకే రోజు, ఒకే చోట అందరి ముందూ పెట్టే కార్యక్రమం. సాధారణంగా ఒక అతిథి ప్రసంగం, విద్యార్థుల చిన్న ప్రసంగాలు, పోస్టర్లు, చివర బహుమతులు ఉంటాయి. చాలాచోట్ల ఏర్పాట్లు విద్యార్థుల కమిటీయే చూసుకుంటుంది. టొరంటో, మెక్‌మాస్టర్, వెస్టర్న్, క్వీన్స్ విశ్వవిద్యాలయాలన్నిట్లోనూ రీహాబ్‌లో పరిశోధన డిగ్రీలు ఉన్నాయి. తేదీ, పేరు, నిడివి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి మీ శాఖ నుంచి వచ్చే మెయిల్‌నే నమ్ముకోండి.

పెద్ద కాన్ఫరెన్స్‌కు పూర్తయిన పని తీసుకెళ్తాం. ఇక్కడికి సగంలో ఉన్న పనిని తేవచ్చు. తేవాలి కూడా. పేషెంట్లను చేర్చుకోవడం మొదలుపెట్టక ముందే "మీరు ఎంచుకున్న కొలత ఈ మార్పును పట్టుకోలేదేమో" అని ఎవరైనా చెప్తే రెండేళ్ల శ్రమ దక్కుతుంది. అదే మాట థీసిస్ డిఫెన్స్ రోజు వింటే చేయగలిగేదేమీ ఉండదు.

కొత్తగా వచ్చినవాళ్లకు ఒక మాట. కార్యక్రమం మొదట్లో, మనం కూర్చున్న నేల ఏ మూలవాసులదో చెప్తారు. టొరంటోలో అయితే హ్యూరాన్-వెండాట్, సెనెకా, మిసిసాగాస్ ఆఫ్ ది క్రెడిట్ పేర్లు వినిపిస్తాయి. శ్రద్ధగా వినండి, ఆ చరిత్ర తర్వాత చదవండి. మూలవాసుల ఆరోగ్యం మీద పనిచేసే సహవిద్యార్థులు మీ శాఖలోనే ఉండొచ్చు.

మొదటి ఏడాదిలో ఉన్నాను, డేటా లేదు. పాల్గొనవచ్చా?

పాల్గొనవచ్చు. పరిశోధన ప్రణాళిక, స్కోపింగ్ రివ్యూ (ఒక విషయం మీద ఇప్పటిదాకా ఏం పరిశోధన జరిగిందో చూసే సమీక్ష), పైలట్ స్టడీ (చిన్న ముందస్తు అధ్యయనం), ఏదైనా తీసుకుంటారు. మీ శాఖ నియమాల్లో "ఇన్ ప్రోగ్రెస్" అనే విభాగం ఉందేమో చూడండి. ఒకవేళ ఈ ఏడాది పేరు ఇవ్వకపోయినా ఆ రోజంతా అక్కడే ఉండి పోస్టర్లన్నీ చూడండి. వీలైతే వాలంటీర్‌గా చేరండి.

రీహాబ్ అంటే ఫిజియోనే కదా? అక్కడ ఎలాంటి విషయాలు కనిపిస్తాయి?

ఫిజియో అందులో ఒక భాగం. రీహాబ్‌లో ఎవరి పనైనా మనిషి ఆరోగ్యాన్ని, వైకల్యాన్ని వర్ణించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆమోదించిన ఐసీఎఫ్ అనే చట్రంలో ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దమనిషిని తీసుకోండి. చెయ్యి ఎంత కదులుతోందన్నది ఒక మెట్టు. ఆ చేత్తో అన్నం కలుపుకోగలుగుతున్నాడా అన్నది రెండో మెట్టు. మేనకోడలి పెళ్లికి వెళ్లి అందరితోపాటు బంతిలో కూర్చుని తినగలిగాడా అన్నది మూడో మెట్టు. పెళ్లి మంటపానికి మెట్లున్నాయా, తోడు వచ్చేవాళ్లున్నారా అన్నవి పరిసరాల సంగతులు. మొదటి మెట్టులో మార్పు వచ్చినంత మాత్రాన మూడోదానిలో వస్తుందని లేదు. కండరం బలం కొలిచే ల్యాబూ, కుటుంబాలతో ఇంటర్వ్యూలు చేసే బృందమూ ఒకే హాల్లో పక్కపక్కన పోస్టర్లు పెట్టడానికి కారణం ఇదే.

టొరంటోలో యూనివర్సిటీ అవెన్యూ మీద టొరంటో రీహాబ్‌కు చెందిన కైట్ పరిశోధన సంస్థ ఉంది. దాని ల్యాబుల్లో వింటర్‌ల్యాబ్ ఒకటి. నిజమైన మంచుగడ్డ నేలగా ఉన్న గదిని కొంచెం కొంచెంగా వంచుతూ, ఏ కోణంలో బూటు జారుతుందో చూస్తారు. నడిచే మనిషి పడిపోకుండా పైనుంచి బెల్టు కట్టి ఉంటుంది. అక్కడి ఫలితాలతో బూట్లకు రేటింగ్ ఇచ్చి జనానికి అందుబాటులో పెట్టారు. పిల్లల దగ్గరికి వచ్చి మొదటి శీతాకాలం గడిపే మన అమ్మానాన్నలకు కూడా అవసరమైన పరిశోధన అది.

ఇంకో విషయం మనవాళ్లు చాలామందికి తెలియదు. విజయవాడలోనో వరంగల్‌లోనో ఎంపీటీ విద్యార్థి రోజూ వాడే కొలతలు కొన్ని పుట్టింది కెనడాలోనే. 14 అంశాలు, 56 మార్కుల బెర్గ్ బ్యాలెన్స్ స్కేల్ 1989లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ నుంచి వచ్చింది. కేథరిన్ బెర్గ్ అక్కడ పరిశోధన విద్యార్థినిగా చేసిన పని అది. సెరెబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కదలికను 5 స్థాయిలుగా చెప్పే జీఎంఎఫ్‌సీఎస్‌ను 1997లో ప్రచురించింది హామిల్టన్‌లో మెక్‌మాస్టర్‌కు చెందిన క్యాన్‌చైల్డ్ కేంద్రంతో కలిసి పనిచేసిన బృందం.

నా టాపిక్ మరీ చిన్నదిగా అనిపిస్తోంది. చూసి నవ్వుతారేమో?

వృద్ధులు ఎంత బాగా కదలగలరో చూసే టైమ్డ్ అప్ అండ్ గో టెస్టుకు ఏం కావాలి? చేతులున్న కుర్చీ, 3 మీటర్ల దూరం, ఒక స్టాప్‌వాచ్. లేవాలి, నడవాలి, తిరగాలి, వచ్చి కూర్చోవాలి. 1991లో మాంట్రియల్‌కు చెందిన పొడ్సియాడ్లో, రిచర్డ్‌సన్ దాన్ని ప్రచురించారు. ఇవాళ అది వాడని వృద్ధుల క్లినిక్ దొరకడం కష్టం. టాపిక్ చిన్నదైతే ఇబ్బంది లేదు. ప్రశ్న స్పష్టంగా లేకపోతేనే ఇబ్బంది. "వృద్ధుల్లో వ్యాయామ ప్రభావం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లు ఇంటికెళ్లాక మొదటి నెలలో వ్యాయామం ఎందుకు మానేస్తున్నారు" అంటే విన్నవాళ్లు ఆగి అడుగుతారు.

అబ్‌స్ట్రాక్ట్ ఎలా రాయాలి?

పదాల పరిమితి ముందే చూసుకోండి. చాలాచోట్ల 250 నుంచి 300 మధ్య ఉంటుంది. ఎందుకు చేశారు, ఎవరి మీద చేశారు, ఏం చేశారు, ఏం కనిపించింది, దానివల్ల ఏం మారాలి, ఇదే వరస. "ఫలితాలు ఆ రోజు చర్చిస్తాం" అని రాయొద్దు. ఫలితాలు ఇంకా లేకపోతే లేవనే రాసి, ఏ దశలో ఉన్నారో చెప్పండి.

మన ఎంపీటీ థీసిస్‌ల నుంచి వెంట వచ్చే ఒక అలవాటును మాత్రం ఇక్కడితో వదిలేయాలి. కంట్రోల్ గ్రూపుకు (పోల్చి చూడటానికి పెట్టుకున్న గ్రూపుకు) "కన్వెన్షనల్ ఫిజియోథెరపీ ఇచ్చాం" అని ఒక్క ముక్కలో తేల్చేయడం. ఏ వ్యాయామం, ఎన్నిసార్లు, వారానికి ఎన్ని రోజులు, ఎవరు చేయించారు, ఎంతమంది నిజంగా చేశారు? ఇవి లేకపోతే ఇంకో ఊళ్లో ఇంకో థెరపిస్టు మీ పనిని తిరిగి చేయలేరు. చికిత్స వివరాల కోసం 2014లో వచ్చిన టైడియర్ అనే 12 అంశాల చెక్‌లిస్టు ఉంది. అబ్‌స్ట్రాక్ట్‌లో అన్నీ పట్టవు, కానీ దాన్ని పక్కన పెట్టుకుని రాస్తే ఏది వదిలేస్తున్నారో మీకే తెలుస్తుంది. ఇంటర్వ్యూల లాంటి క్వాలిటేటివ్ పని అయితే కోరెక్, రివ్యూ అయితే ప్రిస్మా అనే మార్గదర్శకాలు చూడండి.

పీ వాల్యూ 0.05 కన్నా తక్కువ వచ్చింది. అది చెప్తే చాలదా?

చాలదు. నిజానికి తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం ఎంతో చెప్పేదే పీ వాల్యూ. రీసెర్చ్ డేలో జడ్జీలు ఎక్కువగా పట్టుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మాటవరసకు, ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధి ఉన్నవాళ్లకు మీరొక వ్యాయామ కార్యక్రమం ఇచ్చారనుకోండి. 6 నిమిషాల నడక పరీక్షలో మీ గ్రూపు రెండో గ్రూపు కన్నా 12 మీటర్లు ఎక్కువ నడిచింది. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు తేడా ఉండగల హద్దులు) 1 నుంచి 23, పీ వాల్యూ 0.03. లెక్క ప్రకారం తేడా ఉంది. కానీ ఈ వ్యాధుల్లో పేషెంటుకు తేడాగా తెలియాలంటే సుమారు 30 మీటర్లు కావాలని యూరోపియన్ రెస్పిరేటరీ సొసైటీ, అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2014లో కలిసి చెప్పాయి. మీ ఇంటర్వల్ మొత్తం దానికి కిందే ఉంది. అంటే ఈ కార్యక్రమం వల్ల మనిషి రోజువారీ జీవితంలో గమనించగలిగే లాభం ఉందని మీరు చూపలేదు.

ఇప్పుడు తిప్పి చూడండి. ఇంకో విద్యార్థికి తేడా 35 మీటర్లు వచ్చింది, ఇంటర్వల్ మైనస్ 5 నుంచి 75, పీ వాల్యూ 0.09. ఆ అమ్మాయి "ఫలితం రాలేదు" అని దిగులుపడుతూ పోస్టర్ దగ్గర నిలబడి ఉంటుంది. నిజానికి ఆమె డేటా చెప్పేది వేరు: గట్టి లాభం ఉండే అవకాశం ఉంది, తేల్చడానికి మనుషులు సరిపోలేదు, ఇంకా పెద్ద అధ్యయనం కావాలి. ఈ రెండు పోస్టర్లలో నాకు రెండోదే ఎక్కువ ఆశ కలిగిస్తుంది.

అందుకే ప్రతి ఫలితం పక్కన మూడు రాయండి: తేడా ఎంత, ఇంటర్వల్ ఎంత, ఆ కొలతలో పేషెంటుకు పట్టింపు ఉండే కనీస మార్పు ఎంత. ఆ కనీస మార్పు వ్యాధిని బట్టి మారుతుంది. పక్షవాతం వాళ్ల సంఖ్యను గుండెజబ్బు వాళ్లకు వాడొద్దు. కొన్ని కొలతలు ఈ విషయంలో మనకు సాయం చేస్తాయి. 1991లో వచ్చిన సీఓపీఎం అనే కెనడా కొలతలో, తనకు ఏ పని ముఖ్యమో పేషెంటే చెప్పి, దానికి 1 నుంచి 10 దాకా తానే మార్కులు వేస్తారు. అక్కడ 2 మార్కుల మార్పును లెక్కలోకి తీసుకోదగ్గదిగా చూస్తారు.

పోస్టర్ ఎలా ఉండాలి?

48 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు ఇక్కడ మామూలు. అయినా బోర్డు సైజు అడిగి తెలుసుకోండి. బట్ట మీద ప్రింట్ చేయిస్తే మడిచి సూట్‌కేసులో పెట్టుకోవచ్చు.

ముఖ్యమైన ఫలితాన్ని మామూలు మాటల్లో ఒక వాక్యంగా పెద్ద అక్షరాలతో మధ్యలో పెట్టమని మైక్ మారిసన్ అనే పరిశోధకుడు 2019లో ఒక నమూనా చూపించాడు. అది అందరికీ నచ్చలేదు, పద్ధతుల వివరాలకు చోటు తగ్గిపోతుందని కొందరంటారు. నా సలహా: ఆ ఒక్క వాక్యం ఉంచండి, పద్ధతులను కుదించకండి.

మన రంగంలో ఇంకో బాధ్యత ఉంది. వీల్‌చైర్‌లో కూర్చున్నవాళ్ల కంటికి పోస్టర్ పై అంచు అందదు, అందుకే అసలు విషయం మధ్యలో ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే గ్రూపుల తేడా చూపిస్తే ఆ రంగుల తేడా తెలియనివాళ్లకు మీ గ్రాఫ్ పనికిరాదు, గీతల ఆకారం కూడా మార్చండి. స్లయిడ్లు అయితే మైకు తప్పనిసరిగా వాడండి. "నా గొంతు పెద్దదే" అనొద్దు, వినికిడి యంత్రం వాడేవాళ్లకు మైకే ఆధారం కావచ్చు. ఒంటారియోలో వైకల్యం ఉన్నవాళ్లకు అన్నీ అందుబాటులో ఉండాలని 2005 నుంచి చట్టమే ఉంది. చట్టం లేకపోయినా, వైకల్యం మీద పరిశోధన చేసే మనమే వైకల్యం ఉన్నవాళ్లను గుమ్మం బయట నిలబెట్టకూడదు.

పేషెంట్లు కూడా వస్తారట. వాళ్లతో ఎలా మాట్లాడాలి?

వస్తారు. కొందరు పరిశోధన బృందాల్లో సభ్యులుగానే ఉంటారు. కెనడా ఆరోగ్య పరిశోధన సంస్థ 2011లో పేషెంట్లను భాగస్వాములుగా తీసుకునే వ్యూహం మొదలుపెట్టాక ఇది బాగా పెరిగింది. మన కాలేజీల్లో పేషెంటును "కేసు"గా ముందు కూర్చోబెట్టి చూపించడం అలవాటైన వాళ్లకు ఇక్కడ సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఇక్కడ ఆయన మీ పోస్టర్ ముందు నిలబడి "ఇందులో అలసట గురించి ఎందుకు అడగలేదు? నాకున్న అసలు బాధ అదే" అంటాడు. ఆ రోజు మీరు వినే ప్రశ్నలన్నిట్లో అదే గొప్పది కావచ్చు. రాసుకోండి.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లతో కాస్త ఎక్కువసేపు మాట్లాడాలంటే మీరూ కుర్చీ లాక్కుని కూర్చోండి. అడగకుండా చక్రాల కుర్చీని ముట్టుకోవద్దు, నెట్టొద్దు. పక్కనున్న తోడుతో కాక వాళ్లతోనే మాట్లాడండి.

పక్షవాతం తర్వాత అఫేజియా వచ్చినవాళ్లు ఎదురైతే చాలామంది కంగారుపడి వెళ్లిపోతారు. వాళ్లకు విషయం తెలుసు, మాట బయటికి రాదు. టొరంటోలోని అఫేజియా ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి సంభాషణకు ఒక పద్ధతి రూపొందించింది. దానికి శిక్షణ ఇస్తే వాలంటీర్ల సంభాషణ మెరుగుపడుతుందని ఆరా కేగన్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో చూపించింది. సూటిగా పాటించగలిగేవి: దగ్గర కాగితం, మార్కర్ ఉంచుకోండి. ముఖ్యమైన పదం పెద్దగా రాసి చూపించండి. అవును, కాదు అని జవాబు చెప్పగల ప్రశ్న అడగండి. తర్వాత ఆగండి. ఆ నిశ్శబ్దాన్ని మీరు పూరించొద్దు.

ప్రసంగానికి మూడు నిమిషాలే ఇచ్చారు. ఏం చెప్పగలం?

మూడు నిమిషాల థీసిస్ పోటీని ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టింది. అందులో ఒకే స్లయిడ్, కదిలే బొమ్మలు ఉండకూడదు. మీరూ అలాగే ఆలోచించండి. ఒక సమస్య, మీరు చేసిన ఒక పని, దొరికిన ఒక జవాబు. అంతకు మించి పెట్టుకోవద్దు. గణాంకాల పద్ధతి పేరు చెప్పనవసరం లేదు, అడిగితే చెప్పండి.

నా ఇంగ్లిష్ ఉచ్చారణ గురించి టెన్షన్‌గా ఉంది.

యాస ఎవరికీ అడ్డు కాదు, వేగం అడ్డు. తెలుగులో మాట్లాడే వేగంతోనే ఇంగ్లిష్ మాట్లాడతాం, వినేవాళ్లు రెండో వాక్యానికే వెనకబడతారు. ప్రతి స్లయిడ్ తర్వాత ఊపిరి తీసుకునేంత ఆగండి. కొలతల పేర్లు, అంకెలు నెమ్మదిగా పలకండి.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ పనేమిటో అమ్మకు తెలుగులో చెప్పి చూడండి. "మోకాళ్ల నొప్పికి నడిస్తే మంచిదని అందరికీ తెలిసిందే కదరా, మళ్లీ నువ్వు కనిపెడుతున్నదేంటి?" అని ఆమె అడిగితే, జడ్జి అడగబోయేదీ సరిగ్గా అదే ప్రశ్న. దానికి తెలుగులో సూటి జవాబు దొరికితే ఇంగ్లిష్‌లో చెప్పడం కష్టం కాదు.

తెలియని ప్రశ్న అడిగితే?

"అది మేం కొలవలేదు" అని చెప్పండి. కొలిచి ఉంటే ఏం కనిపించేదో మీ ఊహ కూడా చెప్పండి, అది ఊహేనని చెప్తూ. సూపర్‌వైజర్ వైపు చూడొద్దు. అడిగింది ప్రొఫెసర్ అయినంత మాత్రాన ఒప్పేసుకోవాలని కూడా లేదు. కారణం చెప్పి విభేదించడాన్ని ఇక్కడ అమర్యాదగా తీసుకోరు.

పేషెంట్ల ఫొటోలు పోస్టర్‌లో పెట్టవచ్చా?

పరిశోధనకు ఇచ్చిన సమ్మతి ఫొటోకు సరిపోదు. బయట చూపించడానికి విడిగా రాతపూర్వక అనుమతి ఉండాలి, అది ఎథిక్స్ బోర్డు ఆమోదించిన పత్రంలో ఉండాలి. కళ్ల మీద నల్లపట్టీ వేస్తే చాలనుకోవద్దు. అరుదైన జబ్బు, ఊరు, వయసు మూడూ రాస్తే పేరు లేకుండానే మనిషిని గుర్తుపట్టేస్తారు.

ఏం వేసుకోవాలి?

శుభ్రంగా, సౌకర్యంగా ఉండేవి. పోస్టర్ దగ్గర గంటలకొద్దీ నిలబడాలి కాబట్టి చెప్పులు ముఖ్యం. సెంటు వేసుకోవద్దు, చాలామందికి పడదు.

బహుమతి రాకపోతే లాభమేంటి?

బహుమతి సీవీలో ఒక వరస. ప్రసంగమో పోస్టరో ఇవ్వడం కూడా సీవీలో ఒక వరసే. స్కాలర్‌షిప్ దరఖాస్తుల్లో రెండూ రాసుకోవచ్చు. జడ్జీలు మార్కులు వేసే పత్రాన్ని ముందే తెచ్చుకుని చూస్తే, అందులో "స్పష్టత"కు ఎంత విలువ ఇస్తారో తెలిసి తయారీ పద్ధతే మారుతుంది.

ఈ పరిశోధన డిగ్రీతో కెనడాలో ఫిజియోగా పని చేయవచ్చా?

చేయలేరు. ఇక్కడ చాలామంది మోసపోతారు, అందుకే రీసెర్చ్ డే ప్రశ్న కాకపోయినా చేర్చాను. రీహాబిలిటేషన్ సైన్స్‌లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పరిశోధన డిగ్రీలు. ఫిజియోగా ప్రాక్టీసు చేయాలంటే సీఏపీఆర్ (ఫిజియోథెరపీ నియంత్రణ సంస్థల కెనడా సమాఖ్య) మీ ఇండియా చదువును పరిశీలించాలి, మీరు పరీక్ష పాసవ్వాలి, ఆపై రాష్ట్ర నియంత్రణ సంస్థలో నమోదు కావాలి. "ఇది చేరితే లైసెన్స్ దానంతట అదే వస్తుంది" అని ఏ కన్సల్టెన్సీ చెప్పినా నమ్మొద్దు.

ఇండియాలో మా కాలేజీలో ఇలాంటిది పెట్టుకోవచ్చా?

తప్పకుండా. ఒక వరండా, బోర్డులు, పిన్నులు, మైకు చాలు. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందో కాళోజీ విశ్వవిద్యాలయం కిందో ఉన్న కాలేజీలు రెండు మూడు కలిసి చేసుకుంటే ఇంకా మంచిది. థీసిస్ సమర్పించే ముందు కాదు, సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) దశలో పెట్టండి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి పేషెంటును చేర్చుకోక ముందే సీటీఆర్‌ఐలో (ఇండియాలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీలో) నమోదు అయిందో లేదో అక్కడే చూసుకోవచ్చు. 2018 ఏప్రిల్ నుంచి మొదలైపోయిన ట్రయల్స్‌ను అక్కడ తీసుకోవడం లేదు.

మన దగ్గర అడగాల్సిన ప్రశ్నలు కావలసినన్ని ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన కొలతల్లో బాత్‌టబ్‌లోకి దిగడం ఉంటుంది, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని లేవడం ఉండదు. మోకాలి మార్పిడి అయిన అత్తమ్మకు గుళ్లో కూర్చోవడం, ఊళ్లో మరుగుదొడ్డి వాడటం టబ్బు కన్నా పెద్ద సమస్యలు. ప్రశ్నపత్రాన్ని తెలుగులోకి మార్చితే సరిపోదు. తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి పోల్చాలి, శ్రీకాకుళంలోనూ ఆదిలాబాద్‌లోనూ ఒకేలా అర్థమవుతుందో చూడాలి, ఆపై నమ్మదగినదో కొలవాలి. అదొక్కటే మంచి థీసిస్ అవుతుంది. సికింద్రాబాద్‌లోని ఎన్‌ఐఈపీఐడీ మేధో వైకల్యం మీద 1984 నుంచి పనిచేస్తున్న జాతీయ సంస్థ. అలాంటి చోటి నుంచి ఒకరిని, పేషెంట్ల కుటుంబాల నుంచి ఇద్దరు ముగ్గురిని జడ్జీలుగా పిలవండి.

రీసెర్చ్ డే అయిపోయాక ఏం చేయాలి?

అడిగిన ప్రశ్నలన్నీ ఆ సాయంత్రమే రాసి పెట్టుకోండి, మర్నాటికి సగం గుర్తుండవు. కార్డు ఇచ్చినవాళ్లకు వారంలోపు మెయిల్ చేయండి. వచ్చిన సూచనల్లో ఏది తీసుకుంటారో, ఏది తీసుకోరో, ఎందుకో సూపర్‌వైజర్‌తో కూర్చుని తేల్చుకోండి. డిజైన్ మార్చాల్సి వస్తే ముందు ఎథిక్స్ బోర్డుకు సవరణ పంపి, ఆమోదం వచ్చాకే మొదలుపెట్టండి. ఫలితాలు చేతికి వచ్చాక మీ అధ్యయనంలో పాల్గొన్నవాళ్లకు వాళ్ల భాషలో, ఒక్క పేజీలో, ఏం తెలిసిందో రాసి పంపండి. పోస్టర్ కోసం తయారుచేసుకున్న ఆ పెద్ద అక్షరాల వాక్యంతోనే ఆ పేజీ మొదలుపెట్టవచ్చు.